తడవని సీటు ఎక్కడ?

వాటర్ పార్కుకు వచ్చేవాళ్లంతా తడవడానికే వస్తారని ఒక నమ్మకం. లోపల సంచుల పక్కన కూర్చున్నవాళ్లను చూస్తే అది సగమే నిజమని తెలుస్తుంది. చేతికి కట్టు కట్టించుకున్న పెద్దాయన, ఐదో నెల కడుపుతో ఉన్న కోడలు, జలుబు తగ్గని పిల్లగాడు, చీర మార్చి నైలాన్ డ్రెస్సు వేసుకోవడం ఇష్టం లేని అమ్మలు, రాత్రికి మళ్లీ బండి నడపాల్సిన డ్రైవరు. అందరూ టికెట్ కొన్నవాళ్లే. ఆటలు చూడాలని, వీలైతే ఒకటో రెండో ఎక్కాలని ఉన్నవాళ్లే. కాకపోతే నిండా తడవకూడదు, అంతే.

నేనూ ఆ బాపతే. నాకు రెండు చెవులకూ మిషన్లున్నాయి. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల సర్కారు బళ్లలో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. అప్పట్లో బడి పిల్లలను టూరుకు తీసుకుపోయినా, ఇప్పుడు మనుమలతో పోయినా నా చోటు ఒడ్డు మీదే. ఒడ్డున ఖాళీగా కూర్చున్న సైన్స్ టీచర్ ఏం చేస్తుంది? ఎవరు ఎక్కడ కూర్చుంటే ఎంత తడుస్తున్నారో చూస్తుంది. చూడగా చూడగా నాకు అర్థమైనది ఇది: నీళ్ల రైడ్‌లో తడవడం, తడవకపోవడం అదృష్టం కాదు. నీళ్లు ఎక్కడ లేవాలో, ఎవరి ఒళ్లో పడాలో ఆ రైడ్ గీసిన ఇంజనీరు చాలావరకు ముందే తేల్చి పెట్టి ఉంటాడు. ఆయన ఏం తేల్చాడో ఎక్కకముందే బయట నిలబడి కనిపెట్టొచ్చు. దానికి కావలసింది కాస్త ఓపిక. అది మా వయసు వాళ్లకు ఎలాగూ ఉంటుంది.

మా వైపు వాళ్లకు వాటర్ పార్కు అంటే హైదరాబాదే. కామారెడ్డి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద తూప్రాన్, మేడ్చల్ దాటి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, నగరాన్ని చుట్టుకుని పోతే రావిర్యాల దగ్గర వండర్‌లా వస్తుంది. ఎల్లారెడ్డి వాళ్లు మెదక్, నర్సాపూర్ దారి పడతారు. వండర్‌లా ఇక్కడ తెరిచింది 2016 ఏప్రిల్‌లో. అదే ఏడు దసరా నాడు కామారెడ్డి జిల్లా అయింది, కాబట్టి మా పిల్లలకు రెండూ ఒక ఈడువే. మన ఇళ్లలో టీవీ వెనకా ఫ్రిజ్ పక్కనా ఉండే వీ-గార్డ్ స్టెబిలైజర్లు తెలుసు కదా, ఆ కంపెనీ పెట్టిన కొచౌసేఫ్ చిట్టిలపిల్లి 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో మొదలుపెట్టిన పార్కు నుంచి పెరిగింది ఈ వండర్‌లా. నగరం లోపలే చాలనుకునేవాళ్లకు నెక్లెస్ రోడ్డు మీద జలవిహార్, గండిపేట వైపు ఓషన్ పార్క్ ఉన్నాయి.

ఏ పార్కైనా నీళ్ల ఆటలు రెండు జాతులు. డ్రెస్సు మార్చుకుని నీళ్లలోకి దిగేవి కొన్ని: జారుడు గొట్టాలు, అలల కొలను, రెయిన్ డ్యాన్స్, ట్యూబు మీద తేలుతూ పోయే లేజీ రివర్. వీటిలో పొడిగా ఉండే ఉపాయం లేదు, వెతకడం కూడా దండగ. లేజీ రివర్‌లో తల తడవకుండా రావొచ్చు కానీ ట్యూబు నడుమన కూర్చున్న భాగం నీళ్లలోనే ఉంటుంది. రెండో జాతి, మామూలు బట్టలతోనే పడవలో కూర్చుని ఎక్కేవి. మన తెలివి పనికొచ్చేది ఈ పడవల దగ్గరే.

పడవను గొలుసు మీదో బెల్టు మీదో పైకి లాగుతారు. పై నుంచి వాలు కాలువలో వదులుతారు. కింద నీళ్ల గుంటలో వచ్చి పడుతుంది. 15 మీటర్ల ఎత్తు అనుకుందాం. రాపిడి లేకపోతే కిందికి వచ్చేసరికి వేగం ఎంత? ఎత్తును 9.8తో గుణించి, దాన్ని రెట్టింపు చేసి, వర్గమూలం తీస్తే సెకనుకు 17 మీటర్లు. అంటే గంటకు 60 కిలోమీటర్ల పైచిలుకు. రాపిడికి కొంత పోయినా మిగిలేది తక్కువేం కాదు. ఇంత వేగాన్ని ఆపేది ఎక్కువగా కింద ఉన్న నీళ్లే. పడవ తన వేగాన్ని నీళ్లకు ఇచ్చేసి తాను నెమ్మదిస్తుంది. ఆ వేగం అందుకున్న నీళ్లు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. పక్కలకు చిమ్ముతాయి, పైకి లేస్తాయి.

అవి పైకి లేచాక ఎక్కడ పడతాయన్నది పడవ ముక్కు చేతిలో ఉంది. ముక్కు అంచు బయటికి వంచి ఉంటే నీళ్లు దూరంగా కొట్టుకుపోయి రెండు పక్కలా పెద్ద తెరలు లేస్తాయి. ఫొటోలో ప్రళయం, పడవలో నాలుగు చినుకులు. అంచు పొట్టిగా, నిటారుగా ఉంటే బయటికి చూడడానికి చిన్న చిమ్మడమే కనిపిస్తుంది, నీళ్లు మాత్రం తిన్నగా ఒళ్లో పడతాయి. అందుకే తెర ఎంత ఎత్తు లేచిందో చూసి భయపడేవాళ్లు, ధైర్యపడేవాళ్లు ఇద్దరూ తప్పు చోట చూస్తున్నట్టు.

నేను నీళ్లు లేచే చోట నిలబడను. దిగే చోట నిలబడతాను. అక్కడ ఒక్కొక్కరి బట్టలే చెప్తాయి. ఒక పార్కులో చూసింది చెప్తాను. ముందు వరుస పిల్లలు ఛాతీ దాకా తడిసి దిగారు, వీపులు మాత్రం పొడి. మధ్య వరుసలో, అంచు వైపు కాకుండా లోపల కూర్చున్న పెద్దాయనకు భుజం మీద నాలుగు చుక్కలు తప్ప ఏం లేదు. చొక్కా జేబులో మడిచి పెట్టుకున్న కాగితం తీసి చూసుకున్నాడు, అదీ బాగానే ఉంది. వెనక వరుస వాళ్లది చిత్రం: మోకాళ్లు పొడి, వీపులు ముద్ద. పడవ ఉన్నట్టుండి నెమ్మదించేసరికి దాని వెనకే వస్తున్న అల వచ్చి వీపుల మీద పడింది. తర్వాతి పడవలోనూ ఇదే వరస. ఇంకో రైడ్‌లో వెనక సీట్లే పొడిగా రావొచ్చు, పడవ ఆకారాన్ని బట్టి. రెండు మూడు పడవలు దిగేదాకా ఆగితే ఆ రైడ్ గుణం తెలిసిపోతుంది. క్యూలో తోసుకోవడానికి పెట్టే ఓపికలో ఇది పదో వంతు.

ఇక అన్ని వరుసల్లోనూ తడిసేది ఒకటుంది, కూర్చునే భాగం. ముందు ట్రిప్పులో పడిన నీళ్లు సీటు గుంటలో నిలిచి ఉంటాయి. పైనుంచి ఒక్క చుక్క పడకపోయినా కింద నుంచి తడిసి లేస్తారు. పైనుంచి పడే నీళ్ల మీద ఉన్న ధ్యాస ఈ నీళ్ల మీద ఎవరికీ ఉండదు. చిన్న తువ్వాలతో సీటు తుడవండి, వీలైతే మందపాటి ప్లాస్టిక్ కవరు మడిచి వేసుకోండి. అడుగున కూడా నీళ్లు అటూ ఇటూ పారుతుంటాయి కాబట్టి బూట్లు, సాక్సులు వద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులు మేలు. పొద్దున మొదటి ట్రిప్పుల్లో ఎక్కితే సీట్లు ఇంకా ఆరే ఉంటాయి. సాయంత్రానికి ప్రతి సీటూ మడుగే.

బరువు సంగతి కూడా చూసుకోవాలి. పడవలో బరువు పెరిగే కొద్దీ అది లోతుగా దిగుతుంది, అంత ఎక్కువ నీళ్లను పక్కకు నెడుతుంది. బర్రె చెరువులోకి దిగితే నీళ్లు ఒడ్డెక్కినట్టే. కాలేజీ పిల్లలు గుంపుగా ఎక్కి, అందరూ ముందుకు వంగి అరుస్తూ దిగే పడవ మనది కాదు. నమస్కారం పెట్టి తర్వాతి పడవకు ఆగాలి. చిన్న పిల్లలున్న కుటుంబం ఎక్కుతుంటే వాళ్లతో కలవాలి.

గుండ్రటి తెప్పల రైడ్ మాత్రం ఈ లెక్కలకు లొంగదు. చుట్టూ కూర్చుంటారు, అది తిరుగుతూ రాళ్ల మధ్య ప్రవాహంలో కొట్టుకుపోతుంది. ఏ రాయిని తాకి ఎటు తిరుగుతుందో, ఏ సీటు జలపాతం కిందికి పోతుందో ఎవరూ చెప్పలేరు. అందులో ఎవరో ఒకరు నిండా తడవాలి, అదే ఆట. పొడిగా ఉండాలనుకునేవాళ్లు దానికి దూరం ఉండడమే నయం. పడవ దూకే చోట కట్టిన కాలిబాట వంతెన కూడా అంతే. చూడడానికి బాగుంటుందని అక్కడ నిలబడతారు. పడవలో ఉన్నవాళ్ల మీద పడని నీళ్లన్నీ వచ్చి పడేది అక్కడే.

ఈ పడవల ఆట కొత్తదేం కాదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్ ఐలండ్ ఊళ్లో 1884లోనే వాలు మీంచి చదునైన పడవను నీళ్లలోకి వదిలే ఆట పెట్టారు. 1895లో పాల్ బాయ్‌టన్ అనే ఈతగాడు న్యూయార్క్ దగ్గర కోనీ ఐలండ్‌లో సీ లయన్ పార్క్ తెరిచి దాన్ని జనంలోకి తెచ్చాడు. దుంగ ఆకారం పడవల రైడ్ పుట్టుక ఇంకో తీరు. అక్కడి కొండల్లో నరికిన దుంగలను నీళ్లు పారే చెక్క కాలువల్లో వేసి కిందున్న కోత మిల్లులకు పంపేవాళ్లు. ఆ పద్ధతినే ఆటగా మార్చి 1963లో టెక్సస్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో పెట్టారు. పేరు ఎల్ అసెరాడెరో, స్పానిష్‌లో కోత మిల్లు అని. డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే, మా బిడ్డ కూడా అక్కడే. బిడ్డ దగ్గరికి పోయినప్పుడు ఈ పార్కు చూశాను. వయసైన తెలుగు తల్లిదండ్రులు బెంచీల మీద వరసగా, ఒళ్లో మనుమల బ్యాగులతో. ఊరు మారినా డ్యూటీ మారలేదు. గుండ్రటి తెప్పల రైడ్ కూడా టెక్సస్‌దే, 1980లో హ్యూస్టన్‌లోని ఆస్ట్రోవరల్డ్‌లో పెట్టారు. అమెరికాలో కొన్ని పార్కుల్లో తడిసినవాళ్లను నిలబెట్టి వేడిగాలి కొట్టి ఆరబెట్టే పెట్టెలు కూడా ఉంటాయి. దానికి వేరే డబ్బులు. తడపడానికి ఒక టికెట్, ఆరబెట్టడానికి ఒక టికెట్. వ్యాపారం తెలిసినవాళ్లు.

పల్చటి ప్లాస్టిక్ రెయిన్ కోటు గురించి అడుగుతారు. మంచిదే, కానీ అది వాన కోసం చేసింది. వాన పైనుంచి కిందికి పడుతుంది. పడవలో నీళ్లు ముందు నుంచి, పక్క నుంచి, ఒక్కోసారి కింద నుంచి వస్తాయి. మెడ దగ్గర సందు ఉంటే లోపలికి దిగిన నీళ్లు బయటికి పోయే దారి లేక లోపలే ఉంటాయి. ఈ విషయంలో మన పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్ల తెలివి ఎక్కువ. ఖాళీ యూరియా సంచి ఒక మూలను ఇంకో మూలలోకి దోపి తలకు తగిలించుకుంటారు. వంగినప్పుడు వీపంతా కప్పుతుంది, ముందు తెరిచి ఉంటుంది కాబట్టి చెమట పట్టదు. గొర్రెల కాపర్లు గొంగడిని అలాగే తల మీంచి కొప్పెర వేసుకుంటారు. ముతక ఉన్నికి సహజంగా ఉండే జిడ్డు వల్ల చినుకు వెంటనే లోపలికి దిగదు, పైపైనే జారుతుంది. రైడ్‌లో మనకు కావలసింది దీనికి తలకిందులు: ముందు కప్పి ఉండాలి, ఒళ్లు కప్పాలి. కోటు ముందు భాగాన్ని మోకాళ్ల కిందికి లాగి, తొడల కింద దోపుకుంటే సగం పని అయినట్టే. రెపరెపలాడేవి ఏవీ వేసుకుని ఎక్కనివ్వని రైడ్లు ఉంటాయి, సిబ్బందిని అడగండి. వద్దంటే వాదించొద్దు. వేలాడే చున్నీ, విప్పి ఉన్న కొంగు, ముడి వేయని పొడుగు జుట్టు తడవడం కన్నా చాలా పెద్ద ప్రమాదం తెస్తాయి. తిరిగే యంత్రం దగ్గర వాటిని బిగించి కట్టుకోవాల్సిందే.

బట్ట సంగతికి వస్తే, నాకు నూలు చీరలంటే ప్రాణం. అయినా పార్కుకు పోయే రోజు సింథటిక్ చీరే. నూలు పోగు నీళ్లను లోపలికి పీలుస్తుంది. మామూలు గాలిలో ఉన్నప్పుడే నూలు తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా తేమ పట్టి ఉంచుతుంది, నైలాన్ నాలుగు శాతం, పాలిస్టర్ అయితే అర శాతం కూడా ఉండదు. నీళ్లు పడ్డాక ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పాలిస్టర్ చీర మీద పడ్డ నీళ్లను దులిపితే సగం పోతాయి, మిగిలింది ఎండకు ఆరుతుంది. నూలు చీర కుచ్చిళ్ల దగ్గర తడిస్తే ఆ తడి పోగుల వెంట పైకి పాకుతూ మోకాళ్ల దాకా వస్తుంది, బరువెక్కి నడక సాగదు. కొలనుల్లోకి దిగేవాళ్లకు నైలాన్, పాలిస్టర్ డ్రెస్సే ఉండాలని వండర్‌లా వంటి పార్కులు పట్టుబట్టడంలోనూ ఇలాంటి కారణమే ఉంది. నూలు బట్టల పీచు ఊడి నీళ్లను శుభ్రం చేసే ఫిల్టర్లకు అడ్డం పడుతుంది. తడిసి బరువెక్కిన బట్ట కాళ్లకు చుట్టుకుంటే నీళ్లలో లేవడం కష్టం. డ్రెస్సు అమ్ముకోవడానికి పెట్టిన రూలు అని మా స్టాఫ్ రూంలో ఒకరు వాదించేవారు. అమ్ముకోవడం కూడా ఉండొచ్చు, కానీ రూలులో సైన్స్ ఉంది.

చెవి మిషన్ పెట్టుకున్నవాళ్లకు రెండు మాటలు. నీళ్లకు తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్నా రైడ్ దగ్గర తీసేయండి. క్లోరిన్ కలిపిన నీళ్లు వేరు, చినుకు వేరు. తీసిన మిషన్‌ను చీర కొంగులో ముడి వేయకండి, కొంగే ముందు తడుస్తుంది. మూత గట్టిగా పడే చిన్న డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, అందులో పెట్టండి. ఆ పొట్లం పిల్లల చేతికి అందకూడదు. మిషన్ తీశాక సిబ్బంది అరిచి చెప్పేది మనకు వినబడదు కాబట్టి, ఎక్కకముందే ఎక్కడ పట్టుకోవాలో, ఎప్పుడు లేవాలో అడిగి తెలుసుకుని ఎక్కాలి. పక్కన మన మనిషి ఉండాలి. ఇంటికి వచ్చాక చెవిలో తడి ఉంటే పుల్లలు, హెయిర్‌పిన్నులు పెట్టి తిప్పొద్దు. తల పక్కకు వంచి నీళ్లు పోనిచ్చి పొడి బట్టతో పైపైన అద్దితే చాలు. నొప్పి ఉంటే డాక్టరు దగ్గరికి.

ఫోను విషయంలో మా అబ్బాయిది ఒకటే మాట: "అమ్మా, ఇది వాటర్‌ప్రూఫ్." ఐపీ 67 అని రాసి ఉంటే అర్థం, ఒక మీటరు లోతు కదలని మంచినీళ్లలో అరగంట ఉంచి పరీక్షించారని. వేగంగా వచ్చి కొట్టే నీళ్లకు, క్లోరిన్‌కు, రెండేళ్లు వాడి రెండుసార్లు కిందపడ్డ ఫోనుకు ఆ పరీక్ష పెట్టలేదు. మెడలో వేసుకునే ప్లాస్టిక్ పౌచ్ కొంటే, ఫోను పెట్టేముందు ఇంట్లో ఒక పని చేయండి. లోపల టిష్యూ కాగితం పెట్టి మూత బిగించి, బకెట్ నీళ్లలో అరగంట ముంచి పైన బరువు పెట్టండి. కాగితం పొడిగా వస్తేనే అది పౌచ్. ఫోను తడిస్తే బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మనకుంది. ఆపిల్ కంపెనీయే అది వద్దంటోంది, బియ్యం నలకలు లోపలికి పోయి ఫోనును పాడు చేస్తాయని. ఆఫ్ చేసి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని తట్టి, గాలి తగిలే చోట వదిలేయాలి. ఆరకముందే ఛార్జింగ్ పెట్టొద్దు.

ఇక ఏ రైడూ ఎక్కకుండా కూర్చునేవాళ్ల సంగతి. కూర్చున్న చోట తడవమని గ్యారంటీ ఏం లేదు. పిల్లల కొలను పక్కన కుర్చీ వేసుకుని పల్లీలు తింటున్నవాళ్ల మీద బకెట్ కుమ్మరించడం నేను కళ్లారా చూశాను. మనిషి కాదు కుమ్మరించింది, స్తంభాల మీద ఉండే ఆ పెద్ద బకెట్టే. దానికి మోటారు, స్విచ్చు అక్కర్లేదు. బకెట్‌ను పట్టుకుని ఉండే ఇరుసును ఎక్కడ పెట్టారన్నదే కిటుకు. ఖాళీగా ఉన్నప్పుడు బకెట్ గరిమనాభి ఇరుసుకు కింద ఉంటుంది, అందుకే నిలకడగా నిలబడుతుంది. నీళ్లు నిండే కొద్దీ గరిమనాభి పైకి జరుగుతుంది. ఇరుసును దాటిన క్షణం బకెట్ నిలవలేదు, బోర్లా పడుతుంది. ఖాళీ అయ్యాక తనంతట తానే లేచి నిలబడుతుంది. గొట్టంలో నీళ్లు ఒకే తీరుగా వస్తుంటాయి కాబట్టి ప్రతిసారీ దాదాపు ఒకే వ్యవధి పడుతుంది. రెండుసార్లు గడియారం చూస్తే మూడోసారి ఎప్పుడో చెప్పేయొచ్చు. బడి పిల్లలను ఆ బకెట్ ముందు నిలబెట్టి గరిమనాభి పాఠం చెప్పాను. బోర్డు మీద చెప్పినప్పుడు ఆవులించినవాళ్లు అక్కడ ఎదురు ప్రశ్నలు వేశారు. "మేడం, ఇరుసు ఇంకా పైన పెడితే?" అన్నాడొకడు. అప్పుడు నిండినా వంగదురా, పొర్లిపోతుంది అంతే.

కుర్చీ ఎక్కడ వేసుకోవాలంటే నేల చూడాలి. బండల మీద తడి ఎక్కడ ఆగి పొడి మొదలవుతుందో ఒక గీత కనిపిస్తుంది. గాలి ఒక వైపు వీస్తుంటే ఆ గీత అటు వైపు దూరం జరుగుతుంది. గాలి వచ్చే వైపు, గీతకు నాలుగు అడుగులు వెనక్కి కూర్చుంటే రోజంతా పుస్తకం చదువుకోవచ్చు. అలల కొలను దగ్గరా ఇంతే. లోతు వైపు గదుల్లోంచి గాలి ఒత్తిడితో నీళ్లను నెట్టి అల పుట్టిస్తారు, తీరం వైపు వచ్చేసరికి దాని బలం తగ్గి ఒక చోట చచ్చిపోతుంది. ఆ చోటు నేల మీద రాసి ఉంటుంది.

ఆ బకెట్ సూత్రంతోనే వాన కొలుస్తారంటే మా మనుమడు నమ్మలేదు. ఆటోమేటిక్ వాన కొలిచే యంత్రాల్లో లోపల అరచేతిలో పట్టే చిన్న గిన్నెల జత ఉంటుంది. ఒకటి నిండి వంగుతుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఎన్నిసార్లు వంగిందో లెక్కపెడితే ఎంత వాన పడిందో తెలుస్తుంది. 2025 ఆగస్టు 27న మా జిల్లాలో అలాంటి గిన్నెలు ఎంత ఆగకుండా ఊగి ఉంటాయో ఊహించుకోండి. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లు దాటింది వాన. భిక్కనూరు వైపు రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. ఎల్లారెడ్డి దగ్గర్లోని పోచారం కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లు వణికాయి. వందేళ్లు దాటిన ఆ కట్ట నిలబడింది.

పోచారం ప్రస్తావన ఊరికే తేలేదు. మా వైపు టికెట్ లేని నీళ్లాట అదే. ఆలేరు వాగు మీద నిజాం కాలంలో, 1922లో పూర్తయిన ప్రాజెక్టు, మెదక్ జిల్లా పొలిమేరలో ఉంది. నిండిందంటే నీళ్లు మత్తడి దుంకుతాయి. ఆ వార్త తెలియగానే ఎల్లారెడ్డి, మెదక్, కామారెడ్డి నుంచి బండ్లే బండ్లు. దుంకే నీళ్ల కింద నిలబడి కేరింతలు, ఫొటోలు. నేనూ పోతాను, మస్తుగా ఉంటుంది. కానీ పార్కులో నేర్చిన లెక్కలు అక్కడ పెట్టొద్దు. పార్కులో నీళ్లు పంపు ఇచ్చినన్నే వస్తాయి, స్విచ్చు ఆపితే ఆగుతాయి. వాగుకు స్విచ్చు లేదు. ఇక్కడ ఎండ కాస్తుంటే ఎగువన ఎక్కడో వాన పడి ఉంటుంది, ఆ నీళ్లు ఇక్కడికి చేరేసరికి మనం నడుము లోతులో ఉంటాం. ఒడ్డున కొట్టుకొచ్చిన పుల్లలు, ఆకులు వరసగా పడి ఉన్న గీత చూస్తే గత వరద ఎందాకా వచ్చిందో తెలుస్తుంది. వచ్చే వరద ఎందాకా వస్తుందో అది చెప్పదు. పాకుడు పట్టిన రాయి మీద కాలు జారితే పట్టుకోవడానికి కడ్డీ ఉండదు, ఈల ఊదే కుర్రాడు ఉండడు. పిల్లలతో పోయినప్పుడు నేను ఆ పుల్లల గీత దాటనివ్వను. ఏడుస్తారు. ఏడవనీ.

పార్కు దగ్గరికి మళ్లీ వస్తే, చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది. పొడిగా ఉన్నవాళ్లందరూ పొడిగా ఉండాలనుకున్నవాళ్లు కాదు. ఏ పార్కులోనైనా మధ్యాహ్నం వేళ సంచుల దగ్గర ఎవరున్నారో లెక్కపెట్టండి. ఆడవాళ్లే ఎక్కువ. అందులో సగం మంది ముప్పై ఏళ్లు కూడా నిండనివాళ్లు. పులిహోర డబ్బాలు, తడి తువ్వాళ్లు, మగవాళ్ల పర్సులు, పిల్లల చెప్పులు, అందరి ఫోన్లు ఒళ్లో పెట్టుకుని, అలల కొలను వైపు చూస్తూ కూర్చుంటారు. అడిగితే "నాకు ఇష్టం లేదండీ" అంటారు. కొందరికి నిజంగానే ఇష్టం ఉండదు. నెలసరి ఉంటే చెప్పుకోలేరు. డ్రెస్సు వేసుకుంటే అత్తగారు ఏమనుకుంటారో అని ఇంకొందరు. ఎక్కువమందికి మాత్రం కారణం చాలా చిన్నది: సంచులు ఎవరు చూడాలి?

మా కోడలు రెండేళ్లు అదే మాట అంది. మొన్న ఎండాకాలం సెలవుల్లో పోయినప్పుడు లోపలికి అడుగు పెట్టగానే లాకర్ ఎక్కడని అడిగాను. మా అబ్బాయికి అర్థం కాలేదు.

"లాకర్ ఎందుకమ్మా? నువ్వు ఎట్లాగూ కూసుంటవ్ కదా."

"నేను కూసోనికి రాలేదురా, చూడనికి వచ్చిన. సంచులుంటే లేచి తిరగలేను."

వాడు తాళం తెచ్చాడు. సంచులన్నీ అందులో పెట్టాం. నా చెవి మిషన్ల డబ్బా కోడలి చేతికి ఇవ్వబోతే, "ఆగండి అత్తమ్మా, నేను ముందు డ్రెస్సు మార్చుకుని వస్తా" అని పోయింది. నేను పడవలు దిగే చోటు వెతుక్కుంటూ అటు నడిచాను.